మజిలీల చరిత్రకారుడు ఏనుగుల వీరాస్వామయ్య

కాశీపట్టణమును గూర్చి తెలుగువానికి ఎవరును క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. జన్మలో గోదావరి దాటి ఎరుగనివాడు సైతము శ్రీనాథుని కాశీఖండము పుణ్యమా అని మణికర్ణికను, విశ్వేశ్వరుని, డుంఠి విఘ్నేశ్వరుని కన్నులార చూచి వచ్చినట్లే మాట్లాడగలడు. కాని నాగలూటి ఎక్కడ ఉన్నదని అడిగినచో పదిమంది పట్టభద్రులలో ఒక్కడైనను చెప్పగలడో లేదో సందేహమే. పెద్దచెరువు, భీముని కొలను, నివృత్తి సంగమము, పానుగల్లు మొదలైన పేర్లు మన భూగోళ పాఠములలో కనబడవు. పరీక్షలలో ఎవరును అడుగరు. సెలవులలో విహారయాత్రకు పోవువారు ఆ పేర్లను తలపెట్టరు.

1830వ సంవత్సరమున ఒక తెలుగు పెద్దమనిషి చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినారు. ఆయన గమ్యము కోట్లాది జనులు కోరుకొను కాశియే. అయినను ఆయన వ్రాసి పెట్టిన గ్రంథమును ఈనాడు మనము చేతబట్టునది కాశి కొరకు కాదు. ఆ దారిలో ఆయన బస చేసిన చిన్న చిన్న ఊళ్ళ కొరకు. ఎవరును చూడబోని ఊరిని కూడ, ఒక్క పూట నిలిచినంత మాత్రముననే, దాని బావితో, అంగడితో, చెట్టునీడతో సహా కాగితముమీద నిలిపిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

ఆయన 1780 ప్రాంతమున చెన్నపట్టణములో ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించినారు. తొమ్మిదవ ఏటనే తండ్రి గతించినారు. తండ్రి లేని బాలునికి ఆ కాలమున ఆ పట్టణములో చదువు అనిన ఇంగ్లీషు, బ్రతుకు అనిన కచేరీ. పన్నెండవ యేటికే ఇంగ్లీషు చదువ నేర్చుకొని, కుంఫిణీవారి బోర్డు ఆఫ్ ట్రేడు కార్యాలయమున వాలంటీరుగా, అనగా జీతము లేని పనివానిగా, ప్రవేశించినారు. తరువాత కొంతకాలము దక్షిణమున తిరునెల్వేలి సీమలో ఉద్యోగము చేసి, మరల చెన్నపట్టణము చేరి, పలు కచేరీలలో పని చేసి, తుదకు సుప్రీంకోర్టులో ముఖ్య ఇంటర్‌ప్రిటరు పదవికి వచ్చినారు. ఈ ఉద్యోగ పర్వమును ఇంత త్వరగా ముగించుటకు కారణము కలదు. ఇట్టి జీవితములు ఆనాటి చెన్నపట్టణములో పదులకొలది ఉన్నవి. వీరాస్వామయ్యగారి ప్రత్యేకత ఉద్యోగము చేసినందువలన కలుగలేదు, ఉద్యోగమునకు సెలవు పెట్టినందువలన కలిగినది.

ఐనను ఆ ఉద్యోగ స్వభావమును ఒక్కసారి గమనింపవలెను. న్యాయస్థానమున దుబాసి పని సామాన్యమైనది కాదు. బోనులో నిలిచిన సాక్షి తెలుగుననో అరవముననో చెప్పిన మాటను దొరకు ఇంగ్లీషున వినిపింపవలెను. దొర అడిగిన ప్రశ్నను సాక్షికి వాని భాషలో వినిపింపవలెను. ఒక మాట ఎక్కువైనను, ఒక మాట తగ్గినను, ఒకని ఆస్తి పోవచ్చును, మరొకని ప్రాణమే పోవచ్చును. అలంకారమునకు అక్కడ చోటు లేదు. సాక్షి చెప్పినదానికి మెరుగు పెట్టిన దుబాసి మంచి దుబాసి కాడు. ఏండ్ల తరబడి ఈ నియమమునకు అలవాటు పడిన మనిషి కలము పట్టినప్పుడు ఎట్లు వ్రాయునో వీరాస్వామయ్యగారి యాత్రా చరిత్ర చూచినచో తెలియును. ఊరు ఏమి చెప్పినదో అదియే వ్రాసినారు. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. మన సాహిత్య చరిత్రకారులు ఆయన వచనములోని సరళతను మెచ్చుకొనుచు, దాని పుట్టినిల్లు న్యాయస్థానపు బోను ప్రక్కన ఉన్నదను సంగతిని అంతగా పట్టించుకొన్నట్లు లేదు.

1830 మే నెల 18వ తేదీ మంగళవారము రాత్రి ఆయన పయనమైనారు. అప్పటికి వయస్సు ఏబది. మొదటి మజిలీ చెన్నపట్టణమునకు దగ్గరనే ఉన్న మాధవరము. కుటుంబము, బంధుమిత్రులు, బోయీలు, నౌకర్లు, బంట్రోతులు, అందరును కలసి రమారమి నూరుగురు ఆ పయనములో ఉన్నారు. పల్లకీలు, డేరాలు, కావిళ్ళు, సామాను మోయు పశువులు వెంట నడచినవి. మన దేశమున రైలుబండి మొట్టమొదట బొంబాయిలో నడచినది 1853లో. చెన్నపట్టణపు రాయపురమునుండి బండి కదలినది 1856లో. అనగా వీరాస్వామయ్యగారు బయలుదేరునాటికి రైలు రావలెనన్న ఇంకను పాతికేండ్లు పట్టును. కాశికి పోవుట అనిన కాలినడకనో, పల్లకీమీదనో, గుర్రముమీదనో, పడవమీదనో పోవుటయే. పోయినవాడు తిరిగి వచ్చుట దైవాధీనము.

ఈ నూరుగురిని వెంటబెట్టుకొని రోజుకు పది పన్నెండు మైళ్ళు నడిపించు మనిషికి ఊరి అందము కంటె ముందు ఊరి బావి కనబడవలెను. మంచినీళ్ళు ఉన్నవా, బియ్యము పప్పు అమ్ము కోమటి అంగడి ఉన్నదా, డేరా దింపుటకు తోపు ఉన్నదా, సత్రము ఉన్నచో అందులో ఎందరు పట్టుదురు, రేపటి దారి రాతినేలయా, ఇసుకపర్రయా, రేగడియా, నడుమ దాటవలసిన వాగులు ఎన్ని. ఈ ప్రశ్నలకు జవాబులు ప్రతిదినము ఆయన వ్రాసుకొన్నారు. చెన్నపట్టణములోని ఆప్తమిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి ఆ సంగతులు ఎప్పటికప్పుడు పంపించుచు వచ్చినారు. తరువాత రాబోవు బాటసారికి పనికివచ్చునని ఆయన తలంపు. ఒక ఊరు బస్తీ గ్రామమని వ్రాసినచో అక్కడ నూరుగురికి వంట సాగునని అర్థము. ఏమియు దొరకదని వ్రాసినచో ముందటి ఊరిలోనే మూట కట్టుకొని రావలెనని అర్థము. ఈ చిన్న సంగతులే నేడు చరిత్రకారునకు నిధులైనవి.

తిరుపతిని, ఒంటిమిట్టను, కడపను దాటించి పాఠకులను నేరుగా నల్లమలకు తీసికొనిపోవుదును. తిరుపతి ఆనాడును జనసమ్మర్దము గల క్షేత్రమే. దేవస్థానము 1843 వరకు కుంఫిణీవారి ఆజమాయిషీలోనే ఉండెడిది. అక్కడి కానుకల లెక్కలు, కచేరీ పద్ధతులు ఆయనకు చిరపరిచితములు. నల్లమల అట్టిది కాదు.

అహోబిలము, మహానంది, శ్రీశైలము, ఈ మూడును నల్లమల కొండల వరుసలోనివే. జూన్ మాసములో ఆయన ఆ ప్రాంతమున ఉన్నారు. ఇక్కడ మన విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. శ్రీశైలమునకు జనము పోవు కాలము మహాశివరాత్రి, ఆ తరువాత ఉగాది. తక్కిన దినములలో ఆ కొండమీద ఆనాడు మనుష్య సంచారమే అరుదు. వీరాస్వామయ్యగారి పయనము పండుగలను అనుసరించి సాగలేదు, కోర్టు ఇచ్చిన సెలవును అనుసరించి సాగినది. అందుచేత తిరునాళ్ళ సందడిలో ఎవరికిని కనబడని శ్రీశైలము ఆయనకు కనబడినది. జాగరణలు లేవు, ప్రభలు లేవు, అంగళ్ళ వరుసలు లేవు. అడవి, గుడి, చెంచువాండ్రు, అంతే.

ఘాటు రోడ్డులు లేని ఆ కాలమున ఆత్మకూరు వైపునుండి కొండ ఎక్కు దారి నాగలూటి మీదుగా పోవును. నాగలూటిలో వీరభద్రుని ఆలయము కలదు. అక్కడినుండి పెద్దచెరువు. పెద్దచెరువునుండి భీముని కొలను. భీముని కొలను అనునది కొండను నిలువున కోసినట్లు ఉన్న లోతైన లోయ. మెట్ల వెంట అడుగునకు దిగి, నీరు త్రాగి, మరల ఆవలి గట్టుమీది మెట్లు ఎక్కవలెను. రెడ్డిరాజులలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును సోపానములు కట్టించి కీర్తి గడించిన సంగతి మన ఉపాధ్యాయులకు తెలిసినదే. రాజులు మెట్లు కట్టించిరి అని పాఠము చెప్పుట సులభము. ఆ మెట్లమీద పల్లకీ ఎక్కించుట ఎంత కష్టమో ఊహించుట వేరు. దిగునప్పుడు పల్లకీ ముందు బోయీల భుజములమీదికి ఒరుగును, ఎక్కునప్పుడు వెనుక బోయీలమీదికి ఒరుగును. కూర్చున్నవాడు ఎంతటి ధనికుడైనను అట్టి చోట దిగి నడవక తప్పదు. అప్పుడు ఆయనకును బోయీకిని దారి ఒక్కటే.

ఆ అడవికి అధికారులు చెంచులు. శ్రీశైల యాత్రికులకు దారి చూపుట, కావలి కాయుట, అందుకు ప్రతిఫలము పుచ్చుకొనుట వారికి తరతరములుగా వచ్చిన హక్కు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని అహోబిలమునను, మల్లికార్జునుడు చెంచు మల్లయ్య యని శ్రీశైలమునను చెప్పుకొను కథలు ఆ హక్కునకు దైవసాక్ష్యములవలె నిలిచినవి. పట్టణవాసులకు చెంచులు అనిన నాడును భయమే, నేడును చిన్నచూపే. వీరాస్వామయ్యగారు వారితో మాటలాడి, వారి బ్రతుకు తెరువును గమనించి వ్రాసినారు. ఇది ఆ కాలపు కచేరీ ఉద్యోగులందరును చేసిన పని కాదు.

కొండమీది ఆలయము ఆనాడు కందనవోలు నవాబు ఏలుబడిలో ఉన్నది. శివరాత్రి యాత్రికుల దగ్గర తలకు ఇంతయని నవాబు సుంకము పుచ్చుకొనుచు, గుడి పాడగుచున్నను మరమ్మతు చేయింపకుండుటను వీరాస్వామయ్యగారు మొగమాటము లేకుండ వ్రాసినారు. 1839లో కుంఫిణీవారు ఆ నవాబును తొలగించి రాజ్యము కలుపుకొన్నారు. అప్పటికి మన గ్రంథకర్త కాలధర్మము చెంది మూడేండ్లైనది. దిక్కులేక పడియున్న శ్రీశైలమును ఒక చదువుకొన్న తెలుగువాడు తన కన్నులతో చూచి వ్రాసిన సాక్ష్యము ఇంత వివరముగా మరొకటి దొరకుట కష్టము.

కొండ దిగి ఉత్తరమునకు తిరిగిన తరువాత కృష్ణ ఒడ్డున నివృత్తి సంగమము వచ్చును. భవనాశి కృష్ణలో కలియు చోటది. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమ, మలాపహారిణి, భవనాశి అను ఏడు నదులు కలియు చోటని పెద్దలు చెప్పుదురు. ఆ మహాస్థలమును సేవించి, నదిని దాటి వీరాస్వామయ్యగారి పరివారము నైజాము రాజ్యమున ప్రవేశించినది. వెదురు అల్లి తోలు కప్పిన పుట్లు ఆనాడు కృష్ణను దాటించు సాధనములు. గుండ్రని ఆ బుట్ట నడినీట గిరగిర తిరుగునప్పుడు కూర్చున్నవాని గుండె ఎట్లుండునో కృష్ణాతీర వాసులను అడిగి తెలిసికొనవలెను. పుట్టికి ఇంతమంది చొప్పున నూరుగురు దాటుటకు ఎంతసేపు పట్టినదో చదువరులే లెక్క వేసికొనవచ్చును.

పానుగల్లు, వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాదు చేరువరకు గల దారి నేటి పాలమూరు సీమ. పెద్ద క్షేత్రములు లేని దారి అది. అందుచేతనే ఆ పుటలు నాకు మిక్కిలి ప్రియమైనవి. గ్రామమునకు గ్రామమునకు సుంకము, జమీందారునకు జమీందారునకు తగవు, నాణెమునకు నాణెమునకు వట్టము. ఈ చిక్కులను ఆయన విసుగుతో వ్రాసినను, వాటి నడుమ వంట చేసికొని తిని, మరునాటి తెల్లవారుజామున మరల నడచిన నూరుగురి సంసారము మనకు కనబడుచునే యుండును.

హైదరాబాదున ఆనాడు నాసిరుద్దౌలా నిజాము, దివాను వ్యవహారములు చందూలాలు చేతిలో ఉన్నవి. నగరములో సామాన్యుడు సైతము ఆయుధము ధరించి వీధిన తిరుగుటను చూచి వీరాస్వామయ్యగారికి ఆశ్చర్యమును, కొంత భయమును కలిగినవి. ఇంగ్లీషు న్యాయస్థానమున పని చేసినవాడు కావున, న్యాయవిచారణ సక్రమముగా లేని రాజ్యమును ఆయన మెచ్చలేకపోయినారు. కుంఫిణీ పాలనయందు ఆయనకు ఉన్న విశ్వాసము మనకు నేడు మితిమీరినదిగా తోచును. కాని దానిని దాచి చదువుట మంచిది కాదు. ఆయన చూచినది సత్యము, చూచిన కన్ను మాత్రము ఆ కాలపు చెన్నపట్టణపు కన్ను.

అక్కడినుండి మేడ్చలు, నిర్మల, ఏదులాబాదు, నాగపూరు. ఏదులాబాదు అనునది నేటి ఆదిలాబాదే. ఈ దారిని ఇప్పుడు మోటారులో పోవువారు నాలుగు వరుసల జాతీయ రహదారిమీద ఒక్క పగటిలో దాటుదురు. అదే దారి, అవే కొండలు, అదే గోదావరి. నిర్మల బొమ్మలు కొనుటకు నిలుచువారు కొందరు ఉందురు. తక్కిన ఊళ్ళ పేర్లు పలకలమీద వచ్చి పోవును. వీరాస్వామయ్యగారు ఆ ఊళ్ళను పేరుపేరున ఎత్తి వ్రాసినారు. గోదావరి దాటి, అడవులలో పడి, వానకాలపు బురదలో బళ్ళు, పశువులు కూరుకొనిపోవుచుండగా భోంసలేవారి నాగపూరు చేరుట ఎన్ని దినముల పని!

నాగపూరు దాటి జబల్పూరు మీదుగా నర్మదను గడచి గంగాతీరమునకు పోవు మార్గము ఆ యేండ్లలో థగ్గుల పేరు చెప్పిన గజగజలాడు మార్గము. బాటసారులతో స్నేహము నటించి, కలసి నడచి, కలసి తిని, అదను చూచి మెడకు రుమాలు బిగించి చంపు ముఠాలవి. స్లీమన్ దొర వారిని పట్టుకొను పనిలో ఆ ప్రాంతముననే ఉన్న కాలము అది. నూరుగురు గల పరివారమునకు కొంత ధైర్యము ఉండును. ఇద్దరు ముగ్గురుగా కాశికి పోవు పేదయాత్రికునకు ఏ రక్షణయు లేదు. పెద్దవారి పరివారము వచ్చుచున్నదని తెలిసినచో అట్టి బీదలు దాని వెంట నడచుట ఆ రోజులలో వాడుక.

ప్రయాగ, కాశి, గయ. ఈ మూడింటిని గూర్చి ఆయన వ్రాసినది చాలనే ఉన్నది. తీర్థవిధులు, పండాల పద్ధతులు, దానములకు అగు వ్యయము, రేవుల పేర్లు, అన్నియు కలవు. వాటిని ఇక్కడ వివరింపను. కాశికి పోయి వచ్చినవారు ప్రతి ఊరిలోను పదిమంది దొరకుదురు, అడిగినచో సంతోషముతో చెప్పుదురు. గంగమీద పడవ ప్రయాణమును గూర్చి మాత్రము ఒక్క మాట. పాట్నా, ముంగేరు మీదుగా కలకత్తాకు నీటిదారిని దిగిపోవునప్పుడు ఆయన పడవలో కూర్చుండి ఒడ్డుమీది దేశమును చూచినారు. నది ఒక గట్టును కోసి రెండవ గట్టున మేట వేయుటను గమనించినారు. పల్లకీలో కూర్చున్న మనిషి దృష్టి దారిమీద ఉండును, పడవలో కూర్చున్న మనిషి దృష్టి దిగంతముమీద ఉండును. ఆ భేదము ఆయన వచనములోను కనబడును.

కలకత్తానుండి కటకము, పూరీ, చిలకసరస్సు మీదుగా గంజాము సీమకు వచ్చుసరికి చెవికి మరల తెలుగు సోకినది. ఏడాదికి దగ్గరగా పరభాషలు విన్నవారికి ఆ మాట ఎట్లుండవలెను! దుబాసి చెవి కాబట్టి ఎక్కడ ఏ భాష నిలిచిపోవునో, ఎక్కడ ఏది మొదలగునో, ఒకే తెలుగు సీమకు సీమకు ఎట్లు యాస మార్చునో ఆయనకు ఇట్టే తెలిసినది. శ్రీకూర్మము, చికాకోలు, సింహాచలము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, తరువాత కృష్ణ దాటి ఒంగోలు, నెల్లూరు. 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణములో యాత్ర ముగిసినది. మొత్తము పదిహేనున్నర నెలలు, రమారమి 2500 మైళ్ళు.

ఈ తిరుగు ప్రయాణపు పుటలను చదువునప్పుడు రెండు సంవత్సరములను గుర్తుంచుకొనవలెను. గోదావరికి ధవళేశ్వరముకడ ఆనకట్ట పూర్తియైనది 1852లో. వీరాస్వామయ్యగారు చూచిన గోదావరి కాలువలు లేని గోదావరి, ఆ మండలము నేటి పచ్చని కోనసీమ కాదు. రెండవది ఇంకను దారుణమైనది. ఆయన ఇల్లు చేరిన మరుసటి యేడు, 1832లో, వానలు తప్పినవి. నందన కరువని, డొక్కల కరువని పెద్దలు చెప్పుకొనునది అదియే. 1833 ముగియులోపల గుంటూరు సీమలో లక్షకు పైగా జనము తిండి లేక చచ్చినారు. శవములను తీయువారు లేని ఊళ్ళు, మనుష్యులే లేని ఊళ్ళు మిగిలినవి. ఆ విపత్తునకు ఏడాది ముందు తీరాంధ్రపు దారిన ఒకడు నడచి, ఈ ఊరిలో అంగళ్ళు ఉన్నవి, ఈ ఊరిలో అన్ని పదార్థములు దొరకును అని వ్రాసుకొన్నాడు. వ్రాయునప్పుడు ఆయనకు అది బాటసారి సౌకర్యము మాత్రమే. మనకు అది ఆ సీమ బ్రతికియున్నప్పటి కడపటి చిత్రము. కాశీ విశ్వేశ్వరుని ఆలయమును వర్ణింపని వాడు లేడు. కరువుకు ముందటి ఆ తీరపు అంగళ్ళను చూచి చెప్పినవారు ఎందరు ఉన్నారు?

ఈ గ్రంథమునకు లోపములు లేకపోలేదు. మధ్య మధ్య కర్మను గూర్చి, బ్రహ్మమును గూర్చి, మతభేదములను గూర్చి దీర్ఘమైన చర్చలు వచ్చును. వాటిలో ఆయన విశాలబుద్ధి కనబడునే కాని, నడక ఆగిపోవును. విద్యార్థులు ఆ పుటలను దాటిపోయినను నేను తప్పు పట్టను. కులములను, ఆచారములను చూచునప్పుడు తన కులపు ఎత్తునుండియే చూచినారు. వెంట నడచిన నూరుగురిలో అధిక సంఖ్యాకుల పేర్లు మనకు దక్కలేదు. భీముని కొలను మెట్లమీద పల్లకీ ఎత్తిన బోయీ ఏ ఊరివాడో, ఇంటికి క్షేమముగా చేరెనో లేదో మనము ఎరుగము. ఆ వెలితిని పూరించుట ఇప్పుడు ఎవరికిని సాధ్యము కాదు.

భాషను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది 1853లో. అంతకు ముందే వీరాస్వామయ్యగారు పార్సీ, మరాటీ, అరవ, ఇంగ్లీషు మాటలను కచేరీలో వాడుకొనునట్లే కలుపుకొని, నోటిమాటకు దగ్గరైన తెలుగు వచనములో ఒక పెద్ద గ్రంథము నడిపినారు. వ్యాకరణము చెప్పు మాబోటివారికి ఆ వాక్యములు చదువునప్పుడు ఎర్రసిరా కలముమీదికి చేయి పోవును. కాని పది పుటలు చదివిన తరువాత కలము దానంతట అదియే ప్రక్కన పడిపోవును. తెలుగు వచనమున యాత్రా సాహిత్యమునకు ఆద్యులు ఎవరని అడిగినచో నేడు ఈయన పేరే చెప్పుచున్నాము. తాను సాహిత్యము వ్రాయుచున్నాననియే ఆయనకు తోచియుండదు.

యాత్రనుండి వచ్చిన తరువాత నాలుగేండ్లు ఉద్యోగము చేసి 1835లో విరమించినారు. 1836 అక్టోబరు 3వ తేదీన పరమపదించినారు. తన వ్రాతలు అచ్చున చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. ఉత్తరములు అందుకొన్న శ్రీనివాసపిళ్ళగారే వాటిని కూర్చి, మిత్రుని జీవితమును గూర్చి నాలుగు మాటలు ముందు చేర్చి, 1838లో కాశీయాత్ర చరిత్ర అను పేర ప్రకటించినారు. పచ్చయప్ప ధర్మనిధి ధర్మకర్తలలో ఒకరై, చెన్నపట్టణమున చదువుల వ్యాప్తికి పాటుపడినవారు ఈయనే. ఒకరు నడచినారు, ఒకరు దాచినారు. దాచినవాడు లేనిచో నడచినవాని కథ మనకు అందెడిది కాదు. 1869లో రెండవ కూర్పు వచ్చినది. ఆపైన చాలకాలము గ్రంథము దొరకనిదైనది. బెజవాడ న్యాయవాది, చరిత్ర పరిశోధకుడు దిగవల్లి వేంకటశివరావుగారు పట్టుబట్టి, వివరణలతో 1941లో మూడవ కూర్పు ప్రకటించిన తరువాతనే మన తరములకు ఈ పుస్తకము తెలిసినది. 1973లో ఇంగ్లీషు అనువాదము కూడ వెలువడినది.

ఆయన చూచిన చోటులలో కొన్ని ఇప్పుడు పోయి చూడ వీలులేనివి. 1980లలో శ్రీశైలము ఆనకట్ట నిండినప్పుడు నివృత్తి సంగమములోని సంగమేశ్వరాలయము నీట మునిగినది. వేసవి చివర జలాశయము తగ్గినప్పుడు శిఖరము, పిదప గోడలు, పిదప గర్భగుడిలోని వేపకొయ్య లింగము బయటపడును. అర్చకులు మోకాలిలోతు బురదలో నడచిపోయి దీపము పెట్టుదురు. కొన్ని వారములకే కృష్ణకు వరద వచ్చి దేవుడు మరల మునుగును. ఆ సమీప గ్రామములవారు తప్ప అక్కడికి పోవువారు తక్కువ.

నాగలూటి దారి మాత్రము మునుగలేదు. శ్రీశైలమునకు ఘాటు రోడ్డులు పడిన తరువాత ఏడాది పొడుగునను ఆ మెట్లమీద ఆకులు రాలుచుండును. ఆ అడవి ఇప్పుడు పులుల సంరక్షణకు విడిచిన అడవి. కాని ఉగాది దగ్గరపడునప్పుడు కర్ణాటక దేశమునుండి వేలకొలది వీరశైవ భక్తులు, ఆడవారు, మగవారు, ముసలివారు, ఆత్మకూరు ప్రక్కనున్న వెంకటాపురము చేరి, బస్సులను విడిచి, మల్లన్నను తలచుకొని ఆ అడవిలో కాలు పెట్టుదురు. నాగలూటి వీరభద్రుని మ్రొక్కి, పెద్దచెరువు గట్టున వంట చేసికొని, చెట్లక్రింద దుప్పటులు పరచుకొని నిద్రింతురు. తెల్లవారక ముందే లేచి భీముని కొలను మెట్లు దిగుదురు.